క్లబ్ పత్రికలో పాత కారుకి చిన్న ప్రకటన: ఎలా రాయాలి, ఏం సరిచూసుకోవాలి

మా పాత కార్ల క్లబ్ పత్రిక రెండు నెలలకోసారి వస్తుంది. చివరి రెండు పేజీలు 'అమ్మకానికి, కావలెను'. ఆ పేజీలు సర్దే పని కొన్నేళ్లుగా నాది. సంచిక ఇంకో వారంలో ప్రెస్సుకి వెళ్తుందనగా ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, మా నాన్నగారి ఫియట్ పెట్టాలి, ఏం రాయమంటావ్?" "సార్, పోయినసారి వేశారు కదా, ఒక్క కాల్ కూడా రాలేదు, ఎందుకంటారు?" ప్రశ్నలు ఎప్పుడూ ఇవే. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను.

ముందు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఈ పేజీ చదివేవాళ్లలో చాలామంది మీ దగ్గరున్న బండినే పదేళ్లుగా నడుపుతున్నవాళ్లు. ఫియట్ పద్మినికి తుప్పు ఎక్కడ మొదలవుతుందో, అంబాసడర్‌కి ఏ బుష్ ముందు పోతుందో వాళ్లకి మీకంటే బాగా తెలుసు. మీరు చెప్పకపోతే ఏదో దాస్తున్నారనుకుంటారు. చెప్పేస్తే ఎంత ఖర్చవుతుందో లెక్కేసుకుని ఫోన్ చేస్తారు. కింద రాసిన పద్ధతంతా దీని మీదే నిలబడింది.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒరిజినల్ ఆర్‌సీ. జిరాక్స్ చూసి రాయొద్దు.
- ఇన్సూరెన్స్ కాగితం, ఉంటే పొల్యూషన్ సర్టిఫికెట్.
- ఇంజన్, బాడీ పనుల బిల్లులు. బిల్లులు లేకపోతే పని చేసిన మెకానిక్ పేరు, సంవత్సరం.
- టార్చిలైటు, పాత బనీను గుడ్డ, చిన్న అయస్కాంతం. ఫ్రిజ్‌కి అంటించేది చాలు.
- మంచి కెమెరా ఉన్న ఫోన్.
- ఒక పూట ఖాళీ. గంటలో అయిపోతుందని కూర్చుంటే సగం విషయాలు మిగిలిపోతాయి.

1. ఆర్‌సీలో ఉన్నదీ, కారు మీద ఉన్నదీ ఒకటేనా చూడండి

బానెట్ ఎత్తి చాసిస్ నంబర్ ప్లేట్, ఇంజన్ బ్లాక్ మీది నంబర్ గుడ్డతో తుడిచి, టార్చి వేసి, ఆర్‌సీతో ఒక్కో అంకె పోల్చండి. నలభై ఏళ్ల గ్రీజు కింద 3కీ 8కీ తేడా తెలియదు. కిరోసిన్ తడిపిన గుడ్డతో నెమ్మదిగా తుడవండి. ఇసుక కాగితంతో గానీ ఉలితో గానీ గీకొద్దు. గీత పడిన నంబర్ ప్లేటు చూస్తే తెలిసినవాళ్లు కారు దగ్గర ఇంకో నిమిషం కూడా ఆగరు.

ఇంజన్ నంబర్ కలవకపోతే కంగారు పడకండి. పాత బండ్లకి ఇంజన్ మార్చడం మామూలే. 80లు, 90లలో డీజిల్ ఇంజన్లు పెట్టించిన అంబాసడర్లు ఎన్నో ఉన్నాయి. కాకపోతే ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కించారా లేదా అన్నది ముఖ్యం. ఎక్కించకపోతే ఆర్‌టీఓ ఆఫీసులో ఆ పని ముందు చూసుకోండి. లేదంటే ప్రకటనలో 'ఇంజన్ మార్చాం, ఆర్‌సీలో ఇంకా ఎక్కలేదు' అని ఉన్నదున్నట్టు రాయండి.

2. ఆర్‌సీ ఎవరి పేరున ఉందో తేల్చుకోండి

నా దగ్గరకి వచ్చే ప్రకటనల్లో 'నాన్నగారి కారు', 'తాతగారి కారు' అన్నవే ఎక్కువ. ఆయన పోయి ఎనిమిదేళ్లయి ఉంటుంది, ఆర్‌సీ మాత్రం ఇంకా ఆయన పేరునే ఉంటుంది. అలాంటి కారుని మీరు నేరుగా అమ్మలేరు. యజమాని చనిపోతే వారసులు 30 రోజుల్లో ఆర్‌టీఓకి తెలియజేసి, ఫారం 31తో తమ పేరున మార్చుకోవాలని నిబంధన. ఆలస్యమైనా సరే, ఆ పని ముందు పూర్తి చేయండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్ల అంగీకారం రాతలో తీసుకోండి. బేరం కుదిరి అడ్వాన్స్ చేతికొచ్చాక "మా చెల్లెలు ఒప్పుకోవట్లేదండీ" అన్న సందర్భాలు నేను చూశాను. అడ్వాన్స్ వెనక్కివ్వడమే కాదు, ఇంట్లో మాటలు కూడా ఆగిపోతాయి.

ఇంకో రెండు చూడండి.

మొదటిది హైపోతికేషన్, అంటే కారు మీద అప్పు ఉందని ఆర్‌సీలో రాసే నమోదు. 1983లో ఏదో ఫైనాన్స్ కంపెనీలో అప్పు తీసుకుని కొన్న కారయితే, అప్పు ఎప్పుడో తీరిపోయినా ఆర్‌సీలో ఆ కంపెనీ పేరు అలాగే ఉండిపోతుంది. అది తీయించాలంటే ఫారం 35, ఆ కంపెనీ ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి. కంపెనీ మూతపడి ఉంటే పని చాలా సాగుతుంది. ప్రకటన వేయడానికి నెలల ముందే మొదలుపెట్టండి.

రెండోది గడువు. సొంత వాడకం కారుకి రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లు. ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. 1984 కారుకి గడువులన్నీ సరిగా కట్టి ఉంటే ఇప్పుడు 2029 వరకు ఉండాలి. గడువు దాటిపోయి ఉంటే, రెన్యువల్ చేయించి అమ్ముతారో, చేయించకుండా ధర తగ్గించి అమ్ముతారో ముందే తేల్చుకుని అదే రాయండి.

3. మోడల్ పేరు, సంవత్సరం సరిగ్గా రాయండి

'ఫియట్ కారు' అంటే ఇంట్లోవాళ్లకి చాలు, క్లబ్‌లో చాలదు. సెలెక్ట్, సూపర్ సెలెక్ట్, 1964 నుంచి వచ్చిన 1100డి డిలైట్, 1974 నుంచి పద్మిని పేరుతో వచ్చినది, వీటిలో ఏది? ఒక్కోదానికి ఒక్కో రకం కొనుగోలుదారు ఉంటాడు. అంబాసడర్ అయితే మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4, నోవా వీటిలో ఏదో రాయండి. పాత 1489 సీసీ ఇంజనా, 90లలో వచ్చిన ఇసుజు 1800 ఇంజనా అన్నది తప్పకుండా ఉండాలి. హెరాల్డ్ అయితే రెండు డోర్లదా, నాలుగు డోర్లదా చెప్పండి.

తయారైన సంవత్సరమూ, రిజిస్ట్రేషన్ సంవత్సరమూ ఒకటి కాకపోవచ్చు. రెండూ ఆర్‌సీలో ఉంటాయి. తేడా ఉంటే రెండూ రాయండి.

'వింటేజ్' అన్న మాట దగ్గర జాగ్రత్త. ప్రపంచమంతటా పాత కార్లవాళ్లు 1919 నుంచి 1930 వరకు తయారైనవాటినే వింటేజ్ అంటారు. మన దేశంలో 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ లేకుండా ఒరిజినల్‌గా ఉన్న సొంత బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. అలా కొత్తగా నమోదైన బండి నంబర్లో రాష్ట్రం అక్షరాల తర్వాత 'వీఏ' అని వస్తుంది. ఇంతకుముందే రిజిస్టరై ఉన్న బండి తన పాత నంబర్ ఉంచుకోవచ్చు. వింటేజ్ నమోదు ఉన్న బండిని రోజూ ఆఫీసుకి వేసుకెళ్లడం కుదరదు. కాబట్టి మీ కారుకి ఆ నమోదు ఉంటే తప్పకుండా రాయండి, ఎందుకంటే కొనేవాడు దాన్ని ఎలా వాడుకోగలడన్నది దాని మీదే ఆధారపడుతుంది. లేకపోతే 1988 పద్మినికి ఆ మాట తగిలించొద్దు. 'క్లాసిక్' అనండి, లేదా ఏ బిరుదూ లేకుండా సంవత్సరం రాసి వదిలేయండి.

4. కారు చుట్టూ ఒక గంట తిరగండి

ఈ పని ఎవరూ చేయరు, అన్నిటికంటే అవసరమైన పని ఇదే. కారుని ఎండలోకి తీయండి. కడగొద్దు. తడి బాడీ మీద సొట్టలు, రంగు తేడాలు కనపడవు. నోట్‌బుక్ పట్టుకుని, కొనడానికి వచ్చిన పరాయివాడిలా చూడండి.

*తుప్పు:* మ్యాట్లు ఎత్తి ఫ్లోరు చూడండి. డోర్ల అడుగు అంచులు, డోర్ల కింది రేకు, డిక్కీలో స్టెప్నీ పెట్టే చోటు, బ్యాటరీ కింద ట్రే. అనుమానం ఉన్నచోట బొటనవేలితో గట్టిగా నొక్కండి. రేకు లోపలికి పోతే, కరకరమంటే రాసుకోండి.

*లప్పం:* అయస్కాంతానికి పలచని గుడ్డ చుట్టి బాడీ మీద నెమ్మదిగా జరపండి. పట్టు వదిలిన చోట రంగు కింద లప్పం (సొట్టలు పూడ్చే ముద్ద) మందంగా ఉంది. ఏ ప్యానెలో రాసుకోండి.

*స్టీరింగ్, ముందు చక్రాలు:* జాకీ వేసి ముందు చక్రం నేల నుంచి లేపండి. చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టి ఊపండి. టక్ టక్ మంటే కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకి తిరిగే ఇరుసు) గానీ బేరింగ్ గానీ అరిగింది. ఇంకొకరిని బ్రేక్ తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. అప్పుడూ శబ్దం వస్తే అనుమానం కింగ్ పిన్ వైపు. కారు జాకీ మీద ఉండగా కిందకి దూరొద్దు.

*ఇంజన్:* పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, అదే వీడియో తీయండి. సైలెన్సర్ కనపడేలా తీయండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. కొనడానికి వచ్చేవాళ్లు మొట్టమొదట బానెట్ మీద చెయ్యి వేసి చూస్తారు, ముందే వేడి చేసి పెట్టారేమో అని. ఆ పని మీరు చేయొద్దు.

*కిలోమీటర్లు:* ఈ బండ్లలో చాలావాటికి మీటరు అయిదంకెలే. 99,999 దాటాక మళ్లీ సున్నాకి వస్తుంది. మీటరు 45,000 చూపిస్తోందంటే అది లక్షా నలభై అయిదు వేలు కావచ్చు, రెండు లక్షల నలభై అయిదు వేలూ కావచ్చు. కచ్చితమైన రుజువు లేకపోతే కిలోమీటర్లు రాయొద్దు.

హెరాల్డ్ ఉన్నవాళ్లకి ఒక్క మాట. ముందు చక్రాల దగ్గరున్న ట్రనియన్లకి (చక్రం పక్కకి తిరిగే కీళ్లకి) గ్రీజు కాదు, ఈపీ 90 గేర్ ఆయిల్ వేయాలి. గ్రీజు వేసీ వేసీ అరగదీసిన బండ్లు చాలా ఉన్నాయి. మీరు ఆయిలే వేస్తుంటే 'ట్రనియన్లకి ఆయిల్' అని రాయండి. ఆ రెండు మాటలు చదివిన హెరాల్డ్ మనిషి, ఈ బండి తెలిసిన చేతిలో ఉందని వెంటనే గుర్తుపడతాడు.

ఈ నాలుగో మెట్టు మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల క్రితం నా పద్మినికి నేనే ప్రకటన రాసుకున్నాను. 'మంచి రన్నింగ్ కండిషన్' అని రాశాను. రాజమండ్రి నుంచి ఒకాయన రాత్రి రైలెక్కి హైదరాబాద్ వచ్చారు, పొద్దున ఏడింటికల్లా మా గుమ్మం ముందున్నారు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, జాకీ అడిగి, ముందు చక్రం లేపి ఊపారు. టక్ మంది. రెండో చక్రం ఊపారు. అదీ టక్ మంది. ఏమీ అనలేదు. చేతులు కడుక్కుని, టీ తాగి, "వస్తానండీ" అని వెళ్లిపోయారు. కింగ్ పిన్లు అరిగాయని నాకు తెలుసు. మెకానిక్ రెండు నెలల ముందే చెప్పాడు. ఒక్క ముక్క రాసి ఉంటే, ఆ పనికి ధర తగ్గించమని అడిగి తీసుకెళ్లేవారేమో. లేదంటే ఆ రాత్రి ప్రయాణమైనా ఆయనకి తప్పేది. ఆ ఉదయం గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

5. ఈ మాటలు తీసేయండి

'షోరూమ్ కండిషన్': నలభై ఏళ్ల కారుకి ఇది అబద్ధం అవుతుంది. దాని బదులు ఏ పని ఏ సంవత్సరంలో చేయించారో రాయండి.

'సింగిల్ హ్యాండ్': ఒకే ఓనర్ అని అర్థమా, ఒక్కరే నడిపారనా? 'మొదటి ఓనర్' అనో 'మూడో ఓనర్' అనో రాయండి. మూడో ఓనర్ కావడం తప్పేమీ కాదు.

'రన్నింగ్ కండిషన్': వీధి చివరి వరకు వెళ్తుందా, విజయవాడ వెళ్లి వస్తుందా? 'రోజూ నడుస్తోంది', 'నెలకోసారి స్టార్ట్ చేస్తున్నాం', 'మూడేళ్లుగా షెడ్డులో ఉంది, ట్రక్కు మీద తీసుకెళ్లాలి'. ఈ మూడింటిలో మీది ఏదో అది రాయండి. మూడోదానికి కూడా కొనేవాళ్లుంటారు, పైగా వాళ్లు ఓపికగా మాట్లాడతారు.

'ఫుల్లీ రిస్టోర్డ్': రంగు వేసి సీటు కవర్లు మారిస్తే అది రిస్టోరేషన్ కాదు. బాడీ విప్పి చేశారా, వైరింగ్ మార్చారా, క్రోమ్ పోయించారా? విడివిడిగా చెప్పండి.

'అన్ని పేపర్లు ఉన్నాయి': ఏవి? ఆర్‌సీ ఎప్పటి వరకు, ఎవరి పేరున?

'ఆసక్తి గలవారు మాత్రమే': ఆసక్తి లేనివాళ్లు ఎలాగూ ఫోన్ చేయరు. మూడు మాటలు మిగుల్చుకోండి.

'ఒరిజినల్' అన్న మాట మాత్రం ఉంచుకోవచ్చు, దేనికి ఒరిజినలో చెబితే. 'ఇంజన్ ఒరిజినల్', 'గ్రిల్ ఒరిజినల్', 'రంగు ఒరిజినల్ కాదు'.

6. ఇప్పుడు రాయండి

మా పత్రికలో ఒక ప్రకటనకి 40 మాటలు. మీ క్లబ్ హద్దు ఎంతో కనుక్కోండి. మాటల వరుస ఇలా ఉండాలి: మోడల్, సంవత్సరం, ఇంధనం, ఊరు, ఓనర్, ఆర్‌సీ, చేసిన పని, ఉన్న లోపం, ఇప్పుడెలా నడుస్తోంది, ధర, ఫోన్ చేయాల్సిన వేళ. ఊరు మొదటి వరుసలోనే రావాలి. చదివేవాడు ముందు దూరం చూసుకుంటాడు.

నా దగ్గరకి మామూలుగా వచ్చే రాత ఇలా ఉంటుంది:

> అమ్మకానికి వింటేజ్ ఫియట్ కారు. షోరూమ్ కండిషన్. సింగిల్ హ్యాండ్. అన్ని పేపర్లు ఉన్నాయి. చాలా అరుదైన అవకాశం. బెస్ట్ ఆఫర్‌కి ఇస్తాం. ఆసక్తి గలవారు మాత్రమే సంప్రదించండి.

ఇందులో సంవత్సరం లేదు, ఊరు లేదు, ధర లేదు. అదే కారుకి ఇలా రాయొచ్చు:

> ప్రీమియర్ పద్మిని, 1984, పెట్రోల్, వరంగల్. మొదటి ఓనర్ మా నాన్నగారు; ఆర్‌సీ నా పేరున, 2029 వరకు చెల్లుతుంది. ఇంజన్ ఒరిజినలే, 2019లో బోర్ చేయించాం. ఎడమ డోర్ల కింద, డిక్కీ అడుగున తుప్పు. రెండో గేర్ అప్పుడప్పుడు జారుతుంది. రోజూ నడుస్తోంది. రూ.1.60 లక్షలు, కొద్దిగా తగ్గిస్తాం. ఫోన్ సాయంత్రం 6 తర్వాత.

లెక్కపెట్టండి, సరిగ్గా 40. ధర, ఊరు నేను ఉదాహరణకి వేసినవే. తుప్పు రెండు చోట్ల ఉందని చెప్పడం వల్ల మిగతా చోట్ల లేదని కూడా చెప్పినట్టయింది. అందుకే ఒక్క చోటు కూడా వదలకుండా రాయాలి.

లోపాలు మరీ ఎక్కువైతే? 'పూర్తి బాడీ పని ఉంది' అని రాసి, ధర అందుకు తగ్గట్టు పెట్టండి. జాబితా ఫోన్లో చెప్పొచ్చు.

పాత మూడక్షరాల నంబర్ ఉంటే, అంటే 1989 జూలైకి ముందు పద్ధతిది, 'పాత నంబర్' అని రెండు మాటలు కలపండి. దానికోసమే చూసేవాళ్లున్నారు. చాసిస్ నంబర్, ఇంటి నంబర్ మాత్రం ఎప్పుడూ అచ్చు వేయించొద్దు.

7. ధర తప్పకుండా రాయండి

ధర లేని ప్రకటనకి వచ్చే ఫోన్లలో ఎక్కువ కన్సల్టెన్సీ వాళ్లవే, అంటే కార్ల బ్రోకర్లవే. నిజంగా కొనాలనుకునేవాడు మొహమాటపడి ఊరుకుంటాడు.

పాత సంచికలు నాలుగైదు తీసి, మీ మోడల్‌కి ఏ ధరలు పెట్టారో చూడండి. అవి అడిగిన ధరలు, అమ్మిన ధరలు కావు. కాబట్టి వీలైతే ఆ అమ్మినవాళ్లకే ఫోన్ చేసి అడగండి. క్లబ్‌వాళ్లు చెబుతారు. తర్వాత మీ నోట్‌బుక్‌లో రాసుకున్న పనులకి టింకరింగ్ షాపులో అంచనా రాయించుకుని అందులోంచి తీసేయండి. మిగిలిందే మీ ధర.

మీరు కారు మీద పెట్టిన ఖర్చంతా తిరిగి వస్తుందనుకోకండి. నాన్నగారి జ్ఞాపకానికి కూడా వెల కట్టొద్దు. అది మీకు మాత్రమే విలువైనది, కొనేవాడు దానికి డబ్బివ్వలేడు.

8. ఫోటో

పొద్దున ఎనిమిదిలోపు గానీ సాయంత్రం అయిదు దాటాక గానీ తీయండి. చెట్టు నీడ వద్దు, బానెట్ మీద ఆకుల మచ్చలు పడి రంగు పోయినట్టు కనిపిస్తుంది. గొంతుక్కూర్చుని, ఫోన్‌ని హెడ్‌లైట్ ఎత్తులో పట్టి, ముందు భాగమూ ఒక పక్కా రెండూ కనపడేలా తీయండి. నిలబడి తీస్తే కారు పొట్టిగా వస్తుంది.

అచ్చులో పడేది ఒక్కటే. ఆరు సెంటీమీటర్ల వెడల్పు కాలమ్‌కి కనీసం 700 పిక్సెల్స్ వెడల్పుండాలి. స్క్రీన్‌షాట్లు, ఎవరో పంపితే వచ్చిన ఫోటోలు పనికిరావు. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి. మామూలు ఫోటోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది.

అచ్చు కోసం కాకపోయినా ఇంకో అయిదు తీసి ఉంచుకోండి: వెనక భాగం, డ్యాష్‌బోర్డు, సీట్లు, ఇంజన్, తుప్పు ఉన్న చోటు. ఫోన్ చేసినవాళ్లు అడగకముందే తుప్పు ఫోటో పంపండి.

9. పంపే ముందు ఒక పరీక్ష

మీ కారుని ఎప్పుడూ చూడని స్నేహితుడికి ఫోన్ చేసి ప్రకటన చదివి వినిపించండి. ఒక్కసారే చదవండి. తర్వాత అయిదు ప్రశ్నలడగండి: ఏ బండి? ఏ సంవత్సరం? ఎక్కడుంది? ఎంత? ఏం పని ఉంది? ఒక్కదానికైనా తడబడితే ఆ ముక్క మళ్లీ రాయండి. ఫోన్ నంబర్ మాత్రం ఇంకొకరితో అంకె అంకె చదివించండి. సొంత నంబర్ తప్పు రాసినవాళ్లు మా పత్రికలో ఇప్పటికే ముగ్గురున్నారు. వాళ్లు మళ్లీ రెండు నెలలు ఆగాల్సి వచ్చింది.

10. ఫోన్లు మొదలయ్యాక

కారు చూడకుండానే "ధర ఓకే, ఇప్పుడే అడ్వాన్స్ పంపుతున్నా" అన్నవాడితో జాగ్రత్త. ఆర్మీలో పనిచేస్తున్నానని చెప్పి, క్యూఆర్ కోడ్ పంపి, "స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీకు పడుతుంది" అంటారు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీ ఖాతాలోంచి పోతుంది.

టెస్ట్ డ్రైవ్‌కి ఇచ్చే ముందు లైసెన్స్ చూడండి, మీరు పక్కన కూర్చోండి. ఇన్సూరెన్స్ అయిపోయి ఉంటే రోడ్డెక్కించొద్దు. స్టీరింగ్ మీద గేర్ ఉన్న బండి ఎప్పుడూ నడపనివాళ్లకి ముందు బండి ఆపి గేర్లన్నీ చూపించండి.

స్పేర్ పార్టులు అమ్మాలన్నా, కావాలన్నా

ఇవి చిన్నవి కాబట్టి నిర్లక్ష్యం ఎక్కువ. 'ఫియట్ హెడ్‌లైట్ రింగు కావలెను' అంటే సరిపోదు. ఏ మోడల్, ఏ సంవత్సరం, కుడిదా ఎడమదా, కొత్తదే కావాలా వాడినదైనా ఫర్వాలేదా, అన్నీ రాయండి. పార్టు మీద నంబర్ ఉంటే అదే రాయండి, మిగతా వివరణ అక్కర్లేదు. అమ్మేవాళ్లు పార్టు పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి.

'కావలెను' వేసే ముందు విజయవాడ ఆటోనగర్‌లోనూ సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనూ ఒకసారి అడిగి చూడండి. అక్కడ దొరకని వస్తువుకే ఈ పేజీ. పాత అంబాసడర్ 1489 సీసీ ఇంజన్ బ్రిటన్‌లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కీ, ఎంజీఏ 1500కీ వాడిన కుటుంబానిదే. హెరాల్డ్ కూడా అక్కడి ట్రయంఫ్ హెరాల్డే. అక్కడ బంధువులున్నవాళ్లు అక్కడి క్లబ్ పత్రికల్లో 'కావలెను' వేయించొచ్చు.

ఫలితం ఎలా చూసుకోవాలి

సంచిక అందిన రోజు నుంచి ఒక కాగితం మీద రాసుకోండి: ఎన్ని ఫోన్లు, ఎన్ని ఊళ్ల నుంచి, ఎందరు వచ్చి చూశారు.

రెండు వారాలైనా ఫోన్లే రాకపోతే ముందు నంబర్ సరిగా పడిందా చూడండి. పడితే, లోపం ధరలో గానీ ఫోటోలో గానీ ఉంది. మాటలు మార్చి లాభం లేదు.

ఫోన్లు చాలా వచ్చి, ఎవరూ చూడ్డానికి రాకపోతే, అందరూ అడుగుతున్న ప్రశ్న ఏదో గమనించండి. ముగ్గురు ఒకే ప్రశ్న అడిగారంటే దాని జవాబు ప్రకటనలో ఉండాల్సింది. వచ్చే సంచికలో కలపండి.

వచ్చి చూసి వెళ్లిపోతుంటే, కారు కంటే ప్రకటన బాగుందన్నమాట. వెళ్లేటప్పుడు "ఏం నచ్చలేదో చెప్పండి, ఏమీ అనుకోను" అని అడగండి. చెబుతారు. చెప్పింది నోట్‌బుక్‌లో రాసుకుని, నాలుగో మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

అమ్ముడయ్యాక

ఫారం 29, ఫారం 30 రెండూ పూర్తిగా నింపి సంతకాలు చేయండి. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి ఇవ్వొద్దు. కొనేవాడిది వేరే రాష్ట్రమైతే ఫారం 28తో ఎన్ఓసీ కూడా కావాలి. అక్కడ లైఫ్ ట్యాక్స్ ఎంత పడుతుందో ముందే కనుక్కోమనండి, ధర కుదిరాక తెలిస్తే బేరం చెడుతుంది. కారు అప్పగించిన తేదీ, సమయం, మీటరు అంకె రాసి, ఇద్దరూ సంతకం చేసిన రసీదు ఉంచుకోండి. కొన్నాయన ఇన్సూరెన్స్ 14 రోజుల్లో తన పేరున మార్పించుకోవాలని గుర్తుచేయండి.

అంతటితో వదిలేయకండి. ఆర్‌సీ మారిందని కళ్లారా చూసేదాకా వెంటపడండి. బండి చేతులు మారినా, ఆర్‌టీఓ రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాదానికి పరిహారం కట్టాల్సింది ఆ ఓనరేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆ రోజే పత్రికకి కూడా ఒక మెసేజ్ పెట్టండి, 'అమ్ముడైంది, తీసేయండి' అని. మీరు చెప్పకపోతే వచ్చే సంచికలో మళ్లీ పడుతుంది, ఎక్కడో శ్రీకాకుళంలో ఒకాయన రైలు టికెట్ చూసుకుంటాడు.